నొక్కిన కొద్దీ ముందుకు జరిగిన క్యూ

చిత్తూరు దాటాక రోడ్డు పక్కనే ఉన్న ఒక జ్యూసు ఫ్యాక్టరీ ముందు, ఒకానొక మిట్టమధ్యాహ్నం, నలభై మామిడికాయల ట్రాక్టర్లు ఒకేసారి ఒకే గేటులో దూరబోయాయి. రెండు వైపులా రోడ్డు మూసుకుపోయింది. తిరుపతి బస్సు డ్రైవరు ఇంజను ఆపేసి తువ్వాలు ముఖాన కప్పుకున్నాడు. ప్రయాణికులు దిగి, ఎదురు కొట్లో ఉప్పూకారం ఇప్పించుకుని, కింద దొర్లిన కాయలు కోసుకుని తిన్నారు. ఇంతకీ కారణం వానా కాదు, ధర్నా కాదు, ఏ మంత్రిగారి రాకా కాదు. కారణం నేను. ఇరవై మూడేళ్ళ వయసు, మెడలో కంపెనీ బిళ్ళ, ఒళ్ళో లాప్‌టాప్, బుర్రలో ఏముండేదో మీరే చూస్తారు.

నా పేరు హేమ. మాది కార్వేటినగరం దగ్గర పల్లె. మా నాయన మునిరత్నానికి తోతాపురి మామిడి తోట ఉంది. తోతాపురి సంగతి తెలియనివాళ్ళకు ఒక్క ముక్క చెప్పాలి. మా జిల్లాలో ఆ కాయంతా ఒకేసారి కోతకొస్తుంది. దాన్ని పిండే ఫ్యాక్టరీలు మాత్రం చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకని సీజనులో ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్లు ఒక పగలు, రెండు పగళ్ళు వరుసలో నిలబడతాయి. పళ్ళు తోముకోవడం అక్కడే, గడ్డం గీసుకోవడం అక్కడే. మా పెదనాయన కూతురి పెళ్ళి సంబంధం కుదిరింది కూడా ఆ వరుసలోనే, ముందు ట్రాక్టరువాళ్ళకీ వెనక ట్రాక్టరువాళ్ళకీ. అయితే ఎండకు కాయ మెత్తబడిందా, గేటు దగ్గర బొటనవేలితో నొక్కి చూసి వెనక్కి పంపేస్తారు. ఏడాది కష్టం రోడ్డు పక్కన గొడ్ల పాలు. కాబట్టి ఆ వరుసలో నిలబడ్డ ప్రతి మనిషి నోటా ఒకే ప్రశ్న: నా వంతు ఎప్పుడు?

నేను తిరుపతిలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. లాడ్జి మేడ మీద రెండు గదులు, నలుగురం మనుషులం. లాడ్జీలకూ ఆసుపత్రులకూ వెబ్ పేజీలు చేసిపెట్టేవాళ్ళం. ఈ ఫ్యాక్టరీవాళ్ళు వచ్చి, వరుస ఎంతవరకు వచ్చిందో రైతులు ఫోనులోనే చూసుకునేలా ఒక పేజీ కావాలన్నారు. మా జిల్లా పని, మా కాయ పని. ఎగిరి గంతేసి నేనే తీసుకున్నాను.

పేజీ చేశాను. అందులో ఒక్కో రైతు వచ్చినప్పుడు గేటు దగ్గర రాయించుకున్న పేరు, ఊరు, ట్రాక్టరు నంబరు ఉంటాయి. ఫ్యాక్టరీ మేనేజరు కోరిక మీద ప్రతి లోడుకూ ఫోటో పెట్టాను. పైన ఫ్యాక్టరీ బొమ్మ, దాని పక్కన గుమ్మడికాయంత మామిడికాయ, కింద రెండు భాషల్లో నియమాలు. మొత్తం పేజీ మా ఇంటి రుబ్బురోలంత బరువు. ఎవరు ఎప్పుడు తెరిచినా ఆ రుబ్బురోలు మొత్తం మళ్ళీ తిరుపతి నుంచి దొర్లుకుంటూ రావాల్సిందే. ఉన్నది ఒక్క సెల్ టవరు, దాని కింద వందలమంది. నాయన స్నేహితుడు చెంగల్రాయులు మామ మొదటి రోజే ఫోన్ చేశాడు.

"పాపా, నీ పేజీ తెరుచుకునే లోపల నేను గేటుకాడికి నడిచిపొయ్యి, సూసుకోని, టీ తాగి, తిరిగొచ్చినా. ఇంకా ఆ మామిడికాయ బొమ్మ సగమే వచ్చుండాది."

మా సారు నన్ను పిలిచి, "ఏదో ఒకటి చెయ్యి" అన్నారు. సార్లు అనేవాళ్ళందరూ అనే మాటే అది.

రెండు రోజులు కూర్చుని చదివాను. చదువుతుంటే ఒక ఆలోచన కనిపించింది. అది ఎంత ముచ్చటైనదో చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. నిన్నో ఇందాకో చూసిన పేజీ ఫోనులో దాచిపెట్టి ఉండనే ఉంటుంది. ఆ తర్వాత మారింది ఎంత? పైన ఒక ట్రాక్టరు లోపలికి పోయింది, కింద ఒకటి వచ్చి చేరింది. అంతే కదా! అలాంటప్పుడు రుబ్బురోలు మళ్ళీ మొయ్యడం ఎందుకు? మారిన ముక్క మాత్రం పంపితే, ఫోనే తన దగ్గరున్న పాత పేజీలో దాన్ని సర్దుకుంటుంది. ఊరికి ఉత్తరం రాసేటప్పుడు ప్రతిసారీ వంశవృక్షం రాస్తామా? "పెద్దావు ఈనింది" అని రాస్తే సరిపోతుంది. ఇది కనిపెట్టిన మహానుభావులెవరో కానీ, వాళ్ళకు మనసులోనే ఒక దండం పెట్టుకున్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. నాకూ ఒక దండం పెట్టుకున్నాను.

నేను చేసిన ఏర్పాటు ఇది. ఫోను అడగగానే, గడిచిన పది నిమిషాల్లో జరిగిన మార్పులు పంపేయడం. "పై వరుస తీసెయ్యి, చివర ఫలానా పేరు చేర్చు." రెండే మాటలు. ఎవరి పేరు అన్నింటికంటే పైకి వస్తే వాళ్ళ ఫోను పచ్చగా మారి, "మీ వంతు వచ్చింది, గేటు దగ్గరకు రండి" అంటుంది.

మా ఆఫీసులో మూడు ఫోన్లతో పరీక్ష చేశాం. టీ తాగడం, ఒకసారి నొక్కడం, మళ్ళీ టీ తాగడం, ఒకసారి నొక్కడం. అద్భుతంగా పనిచేసింది. మా టీకీ టీకీ మధ్య సరిగ్గా పది నిమిషాలు ఉండబట్టే అది పనిచేసిందని నాకు తర్వాత తెలిసింది. నా పక్క కుర్చీలో కూర్చునే ప్రసాదు మాత్రం సమోసా తింటూ, "ఫోనులో ఉన్న పేజీ ఎప్పటిదో అడగాల్సిన పనిలేదా హేమా?" అన్నాడు.

"పది నిమిషాల మార్పులూ పంపిస్తున్నాం కదా. ఇంకేం అడగాలి?"

"అదీ నిజమే," అన్నాడు. ఇంకో సమోసా తీసుకున్నాడు.

కొత్త పేజీ మొదలుపెట్టే రోజు పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్ళాను. గేటు పక్కన రేకుల నీడలో, ప్లాస్టిక్ కుర్చీలో దేశమ్మ కూర్చుని ఉంది. అన్నేళ్ళుగా ఆ వరుస రాసే మనిషి ఆమె. వెనక నల్లబోర్డు, ఒళ్ళో నోటుబుక్కు, కొంగున సుద్దముక్క, చేతిలో మీటలు నొక్కే పాత ఫోను. మేనేజరు ఆమెతో, "దేశమ్మా, ఇయ్యాల్టి నుంచి బోర్డు వద్దు. అంతా ఫోనులోనే. నువ్వు లోపల కాయ ఏరే కాడికి పో" అన్నాడు.

నేను ఉదారంగా నవ్వి, "ఇంక మీకు శ్రమ తగ్గిందక్కా" అన్నాను.

"తగ్గితే మంచిదే పాపా. మా మోకాళ్ళు గూడా అదే అడగతాండాయి." ఆమె లేచి కొంగు దులుపుకుంది. "సార్, ఊరకే నోటుబుక్కులో రాసుకునేదానికి అడ్డం లేదు గదా?"

"నీ ఇష్టం," అన్నాడు మేనేజరు. నోటుబుక్కు చంకలో పెట్టుకుని కాయలు ఏరే షెడ్డులోకి వెళ్ళిపోయింది. ఆ షెడ్డు గేటుకు ఎదురుగానే ఉంటుంది. నేను పెద్దగా పట్టించుకోలేదు.

మొదటి గంట నా జీవితంలో బంగారు గంట. పేజీ రెప్పపాటులో తెరుచుకుంటోంది. మా నాయన కూడా ఆ వరుసలోనే ఉన్నాడు, కోసి మూడో రోజైన లోడుతో. ట్రాక్టరు నుంచి ట్రాక్టరుకు తిరుగుతూ, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతున్నాడు.

"మా పాప చేసిందప్పా. తిరపతిలో కూసోని ఈడ వరస నడిపిస్తాది."

నేను మేనేజరు గదిలో కూర్చుని లాప్‌టాప్‌లో చూస్తున్నాను. ఎంతమంది ఫోన్లు పేజీని అడుగుతున్నాయో అందులో అంకెల్లో కనిపిస్తుంది. పదకొండు దాటాక ఆ అంకె పెరగడం మొదలైంది. పెరిగింది. ఇంకా పెరిగింది. ఉట్టి కొట్టిన కుండలోంచి పాలు కారినట్టు ఆగకుండా పెరిగింది.

"చూశారా సార్!" అన్నాను మేనేజరుతో. "ఎంత ఆదరణో!"

ఆ ఆదరణ ఎక్కడి నుంచి వచ్చిందో చెంగల్రాయులు మామ తర్వాత తానే పూసగుచ్చినట్టు చెప్పాడు. మామది ఇరవై ఎనిమిదో నంబరు. మనిషికి ఓపిక తక్కువ. ఒకసారి నొక్కాడు, ఇరవై ఏడు. బాగుందే అనుకుని వెంటనే ఇంకోసారి నొక్కాడు, ఇరవై ఆరు. ముందున్న ట్రాక్టరు అంగుళం కదల్లేదు. మళ్ళీ నొక్కాడు, ఇరవై అయిదు. మామ కళ్ళు పెద్దవయ్యాయి. పరుగెత్తుకుంటూ మా నాయన దగ్గరికి వెళ్ళాడు.

"మునిరత్నం, ఇట్ల సూడు. నొక్కితే జరగతాండాది!"

"ఏంది జరిగేది?"

"వరస! నొక్కేకొద్దీ ముందరికి పోతాండా. నువ్వూ నొక్కు."

మా నాయన నొక్కాడు. జరిగింది. ఇంకోసారి నొక్కాడు. ఇంకాస్త జరిగింది. మా నాయన చాలా సేపు ఆలోచించి, నా తెలివి మీద తనకున్న నమ్మకమంతా కూడగట్టుకుని తీర్పు చెప్పాడు.

"మా పాప బో ఆలోచన చేసి పెట్టింటాది అప్పా. ఎవురికి తొందర ఎక్కువో వాళ్ళు నొక్కతారు. నొక్కినోళ్ళకి ముందర. న్యాయమే గదా!"

ఆ న్యాయం పది నిమిషాల్లో వరుస చివరిదాకా పాకింది. అందరూ నొక్కారు. కుడిచేత్తో నొక్కినవాళ్ళు, వేలు నొప్పెట్టి ఎడమచేత్తో నొక్కినవాళ్ళు, డ్రైవరు చేత నొక్కించినవాళ్ళు.

జరిగిందేమిటో మీకీపాటికి తెలిసిపోయి ఉంటుంది. "అడగందే అమ్మయినా పెట్టదు" అంటారు. నా ప్రోగ్రాము అమ్మను మించిపోయింది. అడిగిన ప్రతిసారీ, కడుపు నిండిందా లేదా అని చూడకుండా, పెట్టిన ముద్దే మళ్ళీ మళ్ళీ పెట్టింది. "పై వరుస తీసెయ్యి" అని ఒకసారి చెప్పాక, అదే ఫోను నిమిషం తిరక్కుండా మళ్ళీ అడిగితే మళ్ళీ "పై వరుస తీసెయ్యి" అంది. పిచ్చి ఫోను మళ్ళీ తీసేసింది. మరోపక్క, ఫోను ఆపేసి అరగంట కునుకు తీసినవాళ్ళకు మధ్యలో జరిగిన మార్పులేవీ చేరనే లేదు. వాళ్ళు ఉన్నచోటే ఉండిపోయారు.

ఇవేవీ తెలియని నేను ఆదరణ చూసి మురిసిపోతుండగా నాయన ఫోన్ చేశాడు.

"పాపా, పుత్తూరు నుంచి ఇప్పుడే ఒకాయన వచ్చినాడు. కింద ఆయన పేరు ఆరు తూర్లు ఉండాదే?"

లాప్‌టాప్ పక్కకు నెట్టి లేచి నిలబడ్డాను. "ఆరుసార్లా?"

"ఆయనే అడగతాండాడు పాపా. నాకుండేది ఒగటే ట్రాక్టరు, మిగతా అయిదూ యాడుండాయి, ఫ్యాక్టరీవాళ్ళు ఇస్తారా అని."

అంతలో బయట ఒక ఇంజను మోగింది. తర్వాత ఇంకొకటి. తర్వాత పది. కిటికీలోంచి చూశాను. పచ్చకామెర్లు వచ్చినవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. కామెర్లు నా ప్రోగ్రాముకు వచ్చాయి, పచ్చబడింది మాత్రం నలభైమంది ఫోన్లు. ఆ నలభైమందికీ ఒకేసారి వంతు వచ్చింది.

వరుసలోంచి ట్రాక్టర్లు చీమలపుట్ట మీద నీళ్ళు పోసినట్టు బయటికొచ్చాయి. ఎడమనుంచి ఎక్కినవాళ్ళు కొందరు, రోడ్డుకు అడ్డం తిప్పినవాళ్ళు కొందరు. గేటు ముందు నాలుగు ట్రాక్టర్ల ముక్కులు ఒకచోట చేరి ఇరుక్కున్నాయి.

"నా ఫోను పచ్చగా ఉండాది, తప్పుకో!"

"నాది నీకంటే ముందరే పచ్చబడింది!"

"నేను నూరు తూర్లు నొక్కినా అప్పా! వేలు సూడు, వాచిపోయింది!"

ఒక ట్రాలీ వెనక తలుపు ఊడిపోయి కాయలు రోడ్డు మీద దొర్లాయి. బస్సు ఆగింది. దాని వెనక లారీలు ఆగాయి. ఆ తర్వాత ఉప్పూకారం సంగతి మీకు ముందే మనవి చేసుకున్నాను. ఇంత గోలలోనూ, నిజంగా వంతు వచ్చిన మనిషి మాత్రం తన ట్రాక్టరు కింద దుప్పటి పరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు. ఆయన ఫోను ప్రకారం ఆయన ముందు ఇంకా పదిహేనుమంది ఉన్నారు.

నేను గేటు దగ్గరికి పరుగెత్తాను. బస్సు కండక్టరు నడుము మీద చేతులు పెట్టుకుని అడుగుతున్నాడు.

"ఈ ఫోను యవ్వారం చేసిందెవురు? ఎవురప్పా ఆ మహాతల్లి?"

రైతులందరూ మా నాయన వైపు చూశారు. పొద్దున్నించీ చెవులు చిల్లులు పడేలా చెప్పింది ఆయనే కదా! నాయన నన్ను చూశాడు. ముక్కూమొహం తెలియని మనిషిని చూసినట్టు చూశాడు.

"నాకేం తెల్సప్పా," అన్నాడు. "ఎవురో బెంగుళూరోళ్ళు చేసినారంట."

ఆ క్షణాన నాకు ఏడుపొచ్చింది. తర్వాత చూస్తే నా పక్కన నిలబడ్డ ఇద్దరి చేతుల్లో జాకీ రాడ్లున్నాయి. ప్రేమ ఎన్ని రూపాల్లో ఉంటుందో అప్పుడర్థమైంది.

మేనేజరు బయటికొచ్చి ఆ దృశ్యం చూసి ఒకే మాట అన్నాడు. "గేటు మూసేస్తా. ఇయ్యాల ఇంక లోడు తీసుకునేది లేదు."

గోల ఠక్కున ఆగిపోయింది. ఇంకో పగలంటే కాయ నిలవదు. మా నాయన తన ట్రాలీ దగ్గరికి పోయి, పైనున్న కాయను బొటనవేలితో నెమ్మదిగా నొక్కి చూశాడు. నా వైపు చూడలేదు. ఆ వేలు కాయలో ఎంత దిగిందో నాకు కనిపించింది. ప్రసాదుకు ఫోన్ చేసి పేజీని ఆపేయమన్నాను. ఆపేయడం తప్ప నాకింకేమీ చేతకాలేదు.

అప్పుడు షెడ్డులోంచి దేశమ్మ వచ్చింది. చేతులకు మామిడి సొన, తల మీద గోనెపట్టా. పట్టా తీసి పక్కన పెట్టి మేనేజరుతో మెల్లగా అంది.

"గేటు మూసేదెందుకు సార్? ఒక అర్ధగంట నాకియ్యండి. వరస నా దెగ్గిర ఉండాది."

నోటుబుక్కు తెరిచింది. పొద్దున్నించీ, కాయలు ఏరుతూనే, గేటులోకి పోయిన ప్రతి ట్రాక్టరూ కొట్టేసి, కొత్తగా వచ్చి చేరిన ప్రతి ట్రాక్టరూ కింద రాసింది. బోర్డు తుడిచి మొదటి నుంచి రాయడం మొదలుపెట్టింది. అన్నింటికంటే పైన ఒక గుండ్రం గీసి, అందులో ఒకటి అని వేసింది. తర్వాత రోడ్డు మీదికి నడిచింది.

ఆమె గొంతు పెద్దదేమీ కాదు. కానీ అక్కడున్న ప్రతి మనిషి పేరూ ఊరూ ఆమెకు తెలుసు.

"చెంగల్రాయులన్నా, నువ్వు ఇరవై మూడు. ఎనక్కి తీయి. నీ ముందర నగరి ఆయన ఉండాడు. రెడ్డెప్పా, అడ్డం తిప్పితే నీకు లడ్డు పెడతారా? పక్కకి పో. ఆ ట్రాక్టరు కింద పండుకోనుండే తాతని లేపండప్పా, ఆయనే మొదుటోడు!"

"దేశమ్మా, నా ఫోనులో..."

"ఫోను జోబీలో పెట్టు. బోర్డు సూడు."

పెట్టాడు. అందరూ పెట్టారు. మొండి దూడల్లాంటి నలభై ట్రాక్టర్లు ఒక్కొక్కటే వెనక్కి జరిగి వరుసలో నిలబడ్డాయి. బస్సు కదిలే దారి ఏర్పడింది, అయితే ప్రయాణికులే ఇంకో కాయ కోసుకుంటూ ఎక్కడం లేదు. నా పేజీ రెండు రాష్ట్రాల సర్వర్లు చుట్టి వచ్చేది. ఈ మనిషి చేతిలో ఉన్నది సుద్దముక్క.

అసలు విశేషం తర్వాత జరిగింది. వరుస చివర ఉన్నవాళ్ళకు బోర్డు కనిపించదు. ఒకసారి వచ్చి చూసిపోయి, తర్వాత దేశమ్మ ఫోనుకు చేస్తారు. నేను ఆమె పక్కన ఖాళీ కాయల పెట్టె బోర్లించుకుని కూర్చున్నాను. ఆమె కొన్ని పేర్లు కొట్టేసి, కొన్ని చేర్చినప్పుడల్లా పైన గుండ్రంలో అంకె మారుస్తోంది. ఫోను మోగింది.

"అక్కా, ఏమన్నా మారిందా?"

"నువ్వు సూసిపోయింది ఎన్నో బోర్డు నాయనా?"

"మూడు."

"ఇప్పుడు అయిదు నడస్తాండాది. మూడు తర్వాత పైన రెండు పోయినాయి. నడిమధ్యలో ఒకాయనకి టైరు పంచరై ఎనక్కి పోయినాడు. నువ్వు పదకొండు."

పెట్టేసింది. మళ్ళీ మోగింది.

"ఎన్నో బోర్డు సూసినావు?"

"గురుతులేదక్కా."

"గురుతులేకపోతే నేనేం చెప్పినా తప్పే. వచ్చి మొత్తం సూసుకోని పో."

మూడోసారి మోగింది. మొదటాయనే, నిమిషం కూడా ఆగలేకపోయాడు.

"అయిదో బోర్డుదాకా చెప్తినే నీకు! ఇంకా అయిదే. ఏమీ మారలా. పెట్టు ఫోను."

నేను రెండు రోజులు చదివి, తలకెక్కించుకుని, సరిగ్గా అసలు ముక్క దగ్గర వదిలేసిన విద్య మొత్తం ఆమె మూడు ఫోన్లలో చెప్పేసింది. నీ దగ్గర ఉన్నది ఎన్నోది అని అడుగు. తెలిస్తే, దాని తర్వాత మారింది మాత్రం చెప్పు. తెలియకపోతే మొత్తం చూపించు. ఏమీ మారకపోతే నోరు మూసుకో.

"అక్కా, ఇది మీకెవరు నేర్పించారు?"

దేశమ్మ నవ్వింది. "ఎవురు నేర్పిస్తారు పాపా? మొదటేడు నేనూ నీ మాదిరే చేసినా. ఒకాయన ఫోన్ చేస్తే 'రెండు ముందరికి పోయినావు' అని చెప్పినా. మళ్ళా చేస్తే మళ్ళా అదే చెప్పినా. ఆయన నాలుగు జరిగి నిలబడినాడు. ఆ పొద్దు ఈడ నన్ను కొట్టేదానికి వచ్చినారు. ఏడ్సుకుంటా ఇంటికి పోయినా. తెల్లారి నంబరు వేసినా."

నాలో ఎక్కడ లేని ఉత్సాహం వచ్చింది. లాప్‌టాప్ తెరిచి అక్కడే, ఆ పెట్టె మీదే సరిచేశాను. ప్రతి పేజీకీ ఒక నంబరు. ఫోను ముందు తన నంబరు చెప్పాలి. ప్రోగ్రాములో నాలుగైదు వరుసలు మార్చితే అయిపోయింది. దాన్ని ఆఫీసుకు పంపబోతే సిగ్నలు లేదు. బస్సులో వాళ్ళందరూ మా ట్రాక్టర్ల వీడియోలు ఊరూరా పంపుకుంటున్నారు. మాట మాత్రం తెగుతూ తెగుతూ పోతోంది. ప్రసాదుకు ఫోన్ చేశాను.

"ప్రసాదూ, మొత్తం పంపడం కుదరదు. మారినవి మాత్రం చెబుతాను, నీ దగ్గరున్నదాంట్లో మార్చుకో. నలభై రెండో వరుస తీసెయ్యి."

"తీసేశాను."

"యాభయ్యో వరుస చోట నేను చెప్పేది రాసుకో..."

దేశమ్మ తన ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి నా వైపు వంగింది.

"పాపా, ఆ అబ్బాయి దెగ్గిర ఉండేది ఎన్నోదో అడిగితివా?"

వీలైనంత మామూలుగా అడిగాను.

"ప్రసాదూ, నీ దగ్గర ఉన్నది ఎప్పటిది?"

"పోయిన వారం నువ్విచ్చిందే."

"అందులో నలభై రెండో వరుస ఏముండేది?"

కీబోర్డు చప్పుడు. గొంతు సవరించుకోవడం. "ఫ్యాక్టరీ పేరు. ఇప్పుడే తీసేశాను కదా!"

దేశమ్మకు ఇంగ్లీషు రాదు, ప్రోగ్రాములు తెలియవు. నా మొహం చదవడం మాత్రం వచ్చు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి నేనూ ఆపుకోలేకపోయాను. ఇద్దరం ఆ రేకుల కింద కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాం. మేనేజరు కిటికీలోంచి చూసి, ఈ పిల్లకు మతి పోయిందనుకుని ఉంటాడు. ప్రసాదుతో దేన్నీ ముట్టుకోవద్దని చెప్పి, అదే తిరుపతి బస్సెక్కి, మొత్తం ప్రోగ్రామును ఒళ్ళో పెట్టుకుని స్వయంగా తీసుకెళ్ళాను. బస్సంతా మామిడి వాసన. పక్క సీటావిడ నాకూ ఒక ముక్క పెట్టింది.

మరునాడు పేజీ మళ్ళీ మొదలైంది, ఈసారి దేశమ్మ ముందు పరీక్ష పాసయ్యాకే. ఆమె ఒక ఫోనును పదిసార్లు నొక్కింది. ఒకదాన్ని ఆపేసి గంట తర్వాత తెరిచింది. ఒకదాన్ని చెంగల్రాయులు మామ చేతికిచ్చింది, అంతకంటే కఠినమైన పరీక్ష ఇంకొకటి లేదు. నొక్కినా వరుస కదలకపోయేసరికి మామకు కాస్త నిరాశ కలిగింది. దేశమ్మ కుర్చీ తిరిగి రేకుల నీడలోకి వచ్చింది. పేజీ మీదా, బోర్డు మీదా ఒకే నంబరు. ఈ రోజుకూ అంతే. నేను తర్వాత పెద్ద ఊళ్ళలో, పెద్ద చదువులు చదివినవాళ్ళ పక్కన పనిచేశాను. ఒక పనిని దేశమ్మంత శుభ్రంగా ఆలోచించే మనిషి నాకు మళ్ళీ తగల్లేదు.

మా నాయన లోడు అంటారా? గొడవ జరిగిన రోజే సాయంత్రం నాలుగింటికి, బోర్డు ప్రకారం ఆయన వంతు వచ్చిందట. గేటు దగ్గర కాయలు నొక్కి చూసి, ఒక గంపెడు పక్కన పడేసి, మిగతాదంతా తీసుకున్నారట. కాటా మీంచి ట్రాక్టరు దిగేసరికి మా నాయనకు ప్రాణం లేచివచ్చింది. ప్రాణంతో పాటు పాత గర్వమూ లేచివచ్చింది. మీసం సవరించుకుంటూ నేరుగా దేశమ్మ దగ్గరికి పోయి, బోర్డు మీద గుండ్రంలో ఉన్న అంకెను చూపించి అడిగాడట.

"ఈ నంబరు వేసే పద్ధతి బో బాగుండాది దేశమ్మా. మా పాప నేర్పించిందా?"

"అవునన్నా," అందట ఆ మహాతల్లి, చెక్కుచెదరకుండా. "బో తెలివైన పిల్ల."

కాబట్టి, తూర్పు ముఖంగా నిలబడి, కుడిచెయ్యి కీబోర్డు మీద ఉంచి, బుద్ధిపూర్వకంగా చేస్తున్న ప్రమాణం ఏమనగా: అవతలి మనిషి చేతిలో ఏముందో అడగకుండా, ఏం మారిందో ఇకమీదట ఎవరికీ చెప్పను. సమోసా తింటూ అడిగినంత మాత్రాన ఎవరి ప్రశ్ననూ తోసిపుచ్చను. ఇక అన్నింటికంటే ముఖ్యంగా, మా నాయన ఏ వరుసలోనైనా నిలబడి ఉన్న రోజున, అది మామిడికాయల వరుసైనా రేషన్ కొట్టు వరుసైనా సరే, కొత్తది ఏదీ మొదలుపెట్టను.